ఫ్లైలు కట్టడానికి సహజమైన డబ్బింగ్‌లో ఏవి కొనాలి?

మీరు అడిగింది ఇదీ: హారిస్‌బర్గ్ దగ్గర ఉంటున్నారు, నిరుడు ఫ్లై ఫిషింగ్ (గాలానికి బొచ్చు, ఈకలు చుట్టి పురుగులా కట్టిన ఫ్లైలతో చేపలు పట్టడం) మొదలుపెట్టారు, ఈ చలికాలం సొంతంగా ఫ్లైలు కట్టుకోవడం నేర్చుకుంటున్నారు. షాపుకి వెళ్తే గోడ నిండా డబ్బింగ్, అంటే ఫ్లై ఒంటికి చుట్టే బొచ్చు, ప్యాకెట్లే, ఏది తీసుకోవాలో అర్థం కాలేదు. సింథటిక్ జోలికి పోకుండా సహజమైన పీచుతోనే కట్టాలని ఉంది. ఏవేవి కొంటే సరిపోతుంది, వేసవిలో అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వస్తున్నారు కాబట్టి అక్కడి నుంచి ఏమైనా తెప్పించుకోవచ్చా అని.

మూడు కొనండి, చాలు. హేర్స్ మాస్క్ ఒకటి, అంటే అడవి కుందేలు ముఖం తోలు, చెవులతో సహా ఎండబెట్టి అమ్మేది. మస్క్‌రాట్ గానీ బీవర్ గానీ తోలు ముక్క ఒకటి. లేత పసుపు రంగు వేసిన బీవర్ బొచ్చు ప్యాకెట్ ఒకటి. పెన్సిల్వేనియా వాగుల్లో ఏడాది పొడవునా ట్రౌట్ పట్టడానికి డబ్బింగ్ పరంగా మీకు కావలసినవి దాదాపు అన్నీ ఈ మూడింట్లోనే ఉన్నాయి. మిగతావి సరదా కొద్దీ తర్వాత కొనుక్కోవచ్చు, నా దగ్గరా డబ్బాల కొద్దీ ఉన్నాయి, కానీ చెయ్యి వెళ్లేది ఎప్పుడూ ఈ మూడింటి మీదకే.

ఈ సంగతి కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. డబ్బింగ్ అంటే మైనం రాసిన దారం మీద కాస్త బొచ్చు పెట్టి వేళ్లతో పురిపెట్టి, ఆ దారాన్ని గాలానికి చుట్టి పురుగు ఒళ్లు తయారుచేయడం. ఆ బొచ్చునీ డబ్బింగ్ అనే అంటారు.

ఇక ఎందుకు ఈ మూడే అన్నది. ఏ జంతువు తోలు తీసుకున్నా దాని మీద రెండు రకాల వెంట్రుకలు ఉంటాయి. చర్మానికి ఆనుకుని మెత్తటి నూగు, దాన్ని కప్పుతూ పైకి పొడుగ్గా, బిరుసుగా ఉండే గార్డ్ హెయిర్. నూగు సన్నగా ఉంటుంది కాబట్టి దారానికి సులువుగా పట్టుకుంటుంది, బిగుతైన నున్నటి ఒళ్లు వస్తుంది. గార్డ్ హెయిర్ పురిపెడితే పట్టుకోదు, బయటికి పొడుచుకొస్తుంది, నీళ్లలో అవే కాళ్లలా కదులుతాయి. మీరు కొనే ప్రతి ప్యాకెట్‌నీ ఈ ఒక్క ప్రశ్నతో చూడండి: ఇందులో నూగెంత, బిరుసు వెంట్రుకెంత? ప్యాకెట్ మీద ఏ పురుగు పేరు రాశారో, ఎన్ని మెరుపులు కలిపారో తర్వాతి సంగతి.

రెండో ప్రశ్న, ఫ్లై తేలాలా మునగాలా. దీనికి జంతువు బతికే చోటే జవాబు చెప్తుంది. బీవర్, మస్క్‌రాట్, మింక్ నీళ్లలో తిరిగేవి. చలికాలం గడ్డకట్టే నీళ్లలో కూడా ఒంటికి తడి తగలనివ్వనంత దట్టంగా వాటి నూగు ఉంటుంది, ఆ సందుల్లో గాలి నిలుస్తుంది. అందుకే డ్రై ఫ్లైకి, అంటే నీళ్ల మీద తేలే ఫ్లైకి, అవి. పెంపుడు కుందేలు బొచ్చు ఎంతో మెత్తగా, పురిపెట్టడానికి హాయిగా ఉంటుంది, ఏ రంగైనా పడుతుంది, ధర కూడా తక్కువే, కానీ నీళ్లు బాగా పీల్చుకుంటుంది, కాబట్టి దాన్ని నింఫ్‌లకి, అంటే నీళ్లలో మునిగి పనిచేసే ఫ్లైలకి, వాడండి. షాపులో ప్యాకెట్ మీద డ్రై ఫ్లైకి కూడా పనికొస్తుందని రాసి ఉన్నా సరే, నాలుగుసార్లు విసిరేసరికే మునిగిపోయే ఫ్లైని ఆరబెట్టుకుంటూ కూర్చోవడం తప్ప ఒరిగేదేం ఉండదు.

హేర్స్ మాస్క్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని కొని, ఎక్కడ పడితే అక్కడ కత్తిరించి, ఇది దారానికి పట్టట్లేదని పక్కన పడేస్తారు. మాస్క్‌ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని వేలితో బొచ్చుని విడదీసి చూడండి. ఒకే ముఖం మీద నాలుగైదు రకాల సరుకు ఉంటుంది. చెవుల మీద వెంట్రుకలు పొట్టిగా, ముదురుగా, మచ్చలు మచ్చలుగా ఉంటాయి, నూగు దాదాపు ఉండదు, అందుకే ఒట్టి చెవి బొచ్చు పురిపెడితే జారిపోతుంది. రెండు చెవుల మధ్య నడినెత్తి మీద ఉండేది పొడుగ్గా, మెత్తగా, ఇసుక రంగులో ఉంటుంది. బుగ్గల మీద నూగు బూడిద రంగు, పైన వెంట్రుకల కొనలు నలుపూ గోధుమరంగూ కలిసి ఉంటాయి. కళ్ల చుట్టూ లేత రంగు. ముక్కు దగ్గర మళ్లీ పొట్టి, బిరుసు.

నేను చేసేది ఇదీ. బుగ్గ బొచ్చు రెండు పాళ్లు, చెవి బొచ్చు ఒక పాలు కత్తిరించి చేతివేళ్లతో లాగి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మళ్లీ లాగి కలుపుతాను. బుగ్గ నూగు చెవి వెంట్రుకల్ని దారానికి పట్టి ఉంచుతుంది. నింఫ్ తోక నుంచి నడుము దాకా ఒళ్లంతా దీంతోనే. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి చెవి పాలు పెంచుతాను, అక్కడ కాళ్లు పొడుచుకు రావాలి కదా. పెద్ద మొత్తంలో కావాలంటే మూత ఉన్న గాజు సీసాలో గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, కత్తిరించిన బొచ్చంతా అందులో పడేసి బాగా కుదిపి, టీ వడపోసే జల్లెడలో వంచి, మంచినీళ్లతో కడిగి, పేపర్ మీద ఆరబెట్టండి. సమానంగా కలిసిపోతుంది, తోలు జిడ్డూ పోతుంది. కాఫీ గ్రైండర్‌తోనూ కలుపుతారు, కానీ పొడుగు వెంట్రుకలు తెగిపోతే మాస్క్ కొన్న ప్రయోజనం పోయినట్టే. ఒకవేళ గ్రైండర్ వాడితే వంటకి వాడేది మాత్రం వద్దు.

హేర్స్ ఇయర్, అంటే అడవి కుందేలు చెవి, అని రాసిన ప్యాకెట్లు ఉన్నాయి కదా, మాస్కే ఎందుకు అని అడుగుతారేమో. కొన్ని ప్యాకెట్లలో ఉండేది అడవి కుందేలు కాదు, రంగు వేసిన పెంపుడు కుందేలు. అదీ చేపలు పడుతుంది. కానీ చెవి బొచ్చులో ఉండే ఆ బిరుసు పెంపుడు కుందేలుకి రాదు. పైగా ఒక మాస్క్ కొంటే ఏళ్ల తరబడి వస్తుంది.

మస్క్‌రాట్ తోలు ముక్క విషయంలో ఒక పద్ధతి నేర్చుకోండి. చర్మానికి దగ్గరగా చిన్న కుచ్చు కత్తిరించండి. కుచ్చు అడుగుభాగం, అంటే నూగు ఉన్న చోటు, ఒక చేతి వేళ్ల మధ్య గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పైకి పొడుచుకొచ్చిన గోధుమరంగు కొనల్ని పట్టి లాగేయండి. గార్డ్ హెయిర్ అంతా వచ్చేస్తుంది, మీ చేతిలో నీలిబూడిద రంగు నూగు మాత్రం మిగులుతుంది. ఆడమ్స్ అనే డ్రై ఫ్లై కట్టేటప్పుడు ఒంటికి ఎక్కువమంది వాడేది ఇదే. ఆ ఫ్లైని 1922లో మిషిగన్‌లో లెనర్డ్ హాలడే కట్టాడు, వందేళ్లు దాటినా ఇప్పటికీ ఎవరి పెట్టె తెరిచినా కనిపిస్తుంది. లాగేసిన గార్డ్ హెయిర్ పారేయకండి, హేర్స్ మాస్క్‌లో కలపండి. మీరు లెటార్ట్ వాగుకో బిగ్ స్ప్రింగ్ వాగుకో వెళ్తే అక్కడ క్రెస్ బగ్, అంటే నీటిమొక్కల్లో ఉండే చిన్న పురుగులాంటి జీవిని పోలిన ఫ్లై, లేకుండా పని జరగదు, దానికి మస్క్‌రాట్‌ని గార్డ్ హెయిర్ తీయకుండా దారాన్ని మడిచి చేసిన లూప్ మధ్యలో పెట్టి తిప్పి, ఒళ్లు చుట్టాక పైనా కిందా కత్తెరతో చదును చేస్తే చాలు.

పసుపు బీవర్ సల్ఫర్లనే పురుగుల కోసం. మే నెల మధ్య నుంచి పెన్స్ క్రీక్, స్ప్రింగ్ క్రీక్, లిటిల్ జునియాటా మీద సాయంత్రాలు ఎగిరే ఆ పసుపు మేఫ్లైలకి మన వాగుల్లో ఎంత ప్రాధాన్యం ఉందో మీకు ఒక్క సీజన్‌లో అర్థమవుతుంది. 16, 18 నంబరు చిన్న గాలాలకి నున్నటి, సన్నటి ఒళ్లు కావాలి, బీవర్ నూగు దానికి సరిగ్గా సరిపోతుంది.

ఏ బొచ్చైనా సరే, కొత్తవాళ్ల ఫ్లై చెడేది బొచ్చు ఎంపిక దగ్గర కాదు, ఎంత పెట్టారన్న దగ్గర. అమ్మ దీపానికి వత్తి చేసేటప్పుడు దూదిని ఎలా సన్నగా లాగి పురిపెడుతుందో అలా, దారం రంగు ఇంకా లోపల్నుంచి కనబడేంత పల్చగా పెట్టండి. ఒకే వైపుకి పురిపెట్టండి, అటూ ఇటూ తిప్పితే పెట్టిన పురి విడిపోతుంది. ఇంత తక్కువా అనిపించాక అందులో సగం తీసేయండి, అప్పుడు సరిపోతుంది. మేఫ్లై ఒళ్లు నిజంగా ఎంత సన్నమో వాగు దగ్గర ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి, షాపుల్లో అమ్మే ఫ్లైలు దానికి రెండింతలు లావు ఉంటాయి.

ఈ పల్చదనం పాత ఇంగ్లీషువాళ్లకి బాగా తెలుసు. యార్క్‌షైర్ వైపు వాటర్‌హెన్ బ్లోవా అని ఒక వెట్ ఫ్లై, అంటే మునిగే ఫ్లై, ఉంది, పసుపు పట్టుదారం మీద మైనం రాసి, నీటి ఎలుక బూడిద రంగు నూగుని పురిపెట్టకుండా ఊరికే తాకిస్తారు, అంటుకున్నది అంటుకుంటుంది. నీళ్లలో పట్టు పసుపు లోపల్నుంచి, బూడిద నూగు పైన మసకగా, అలా కనబడుతుంది. మీ మస్క్‌రాట్ నూగుతో దీన్ని తప్పకుండా కట్టి చూడండి. ఇక్కడ రంగుని నిర్ణయించేది దారమే, కాబట్టి దారం రంగుని డబ్బింగ్‌లో భాగంగానే లెక్కేసుకోవాలి.

రంగు ఎప్పుడూ తడిపి చూడండి. పొడిగా ఉన్నప్పుడు ప్యాకెట్‌లో కనిపించే రంగు చేపకి కనిపించదు. చిటికెడు తీసుకుని నీళ్లలో ముంచి వేళ్ల మధ్య నొక్కి కిటికీ వైపు పట్టండి. కుందేలు, ఉన్ని తడిస్తే బాగా ముదురుతాయి, లేత ఆలివ్ అనుకున్నది బురద రంగు అవుతుంది. ఇంగ్లండ్‌లో ఏవన్ నది చూసుకునే ఫ్రాంక్ సాయర్ తన కిల్లర్ బగ్ అనే ఫ్లైకి చాడ్విక్స్ 477 అనే రఫ్ఫు ఉన్ని ఒక్కటే వాడేవాడు, పొడిగా మామూలు లేత బూడిద, తడిస్తే లోపల్నుంచి గులాబీ ఛాయ వస్తుంది. 1960ల్లో ఆ ఉన్ని తయారీ ఆగిపోతే దానికి సరితూగేది ఏదని జనం ఇప్పటికీ వెతుకుతున్నారు. అంత పట్టింపు అవసరమా అంటే నాకైతే అవసరమే అనిపిస్తుంది, మామూలు రంగు దారంలో ఆ ఛాయ రాదు.

పాత పుస్తకాలు చదివితే వింత వింత సరుకులు తగులుతాయి. డెవన్‌లో టివర్టన్ ఊరికి చెందిన ఆస్టిన్ అనే ఆయన పొట్టేలు వృషణాల మీది ఉన్నిని వేరే బొచ్చులతో కలిపి ఒక ఫ్లై కట్టాడు, దానికి టప్స్ ఇండిస్పెన్సబుల్ అని పేరు పెట్టింది స్క్యూస్ అనే ఇంగ్లీషు ఫ్లై ఫిషింగ్ రచయిత. ఇలాంటివి చదవడానికి బాగుంటాయి, మీరు ఆ ఉన్ని కోసం వెతకక్కర్లేదు. సీల్ బొచ్చు అని చాలా వెట్ ఫ్లైల్లో రాసి ఉంటుంది, దాన్ని మాత్రం అమెరికాలో కొనే ప్రయత్నం చేయకండి. 1972 సముద్ర క్షీరదాల రక్షణ చట్టం కింద అది కుదరదు. బదులుగా అంగోరా మేక బొచ్చు వాడండి. అదే మెరుపు, అదే బిరుసు, రంగులు కూడా బాగా పడతాయి. కాస్త జారుతుంది, కాబట్టి మైనం ఎక్కువ రాసి లూప్‌లో పెట్టి తిప్పండి.

వేటకి వెళ్లే స్నేహితులుంటే ఉడుత తోలు అడగండి, ఫాక్స్ స్క్విరెల్ అయితే మరీ మంచిది. వీపు మీద బొచ్చు ఒక్కో వెంట్రుకకి పట్టీలు పట్టీలుగా రంగులు, హేర్స్ మాస్క్ కంటే కూడా బిరుసు, పొట్ట మీద నారింజ రంగు. రోడ్డు మీద చచ్చిపడిన జంతువుల్ని మాత్రం రాష్ట్ర గేమ్ కమిషన్ (వేట, వన్యప్రాణుల శాఖ) నిబంధనలు చూసుకోకుండా ముట్టుకోకండి.

డ్రై ఫ్లైకి ఇంకోటి, సీడీసీ. బాతు తోక దగ్గర నూనె గ్రంథి చుట్టూ ఉండే ఈకల పీచు. లూప్‌లో పెట్టి తిప్పితే అద్భుతంగా తేలుతుంది. దీనికి జెల్ ఫ్లోటెంట్, అంటే ఫ్లై తేలడానికి రాసే మందు, రాశారా అంతా జిగురుపట్టి ముద్దయిపోతుంది, పొడి ఫ్లోటెంటే వాడాలి.

ఇక హైదరాబాద్ సంగతి. నాకు ఇష్టమైనది ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

గొంగడి. మన తెలంగాణలో కురుమలు నేసే గొంగడి దక్కనీ గొర్రె ఉన్నితో చేసేది. నల్లగా, ముతకగా, ఒళ్లు గీరుకునేంత బిరుసుగా ఉంటుంది, స్వెటర్లకి పనికిరాదని ఎవరూ పట్టించుకోని ఉన్ని. ఆ ముతకదనమే మనకి కావాలి. ఊళ్లో మా ఇంట్లో ఉన్న పాత గొంగడి అంచు నుంచి ఊడిన పోగులు తెచ్చుకున్నాను. రంగు వేసిన నలుపు కాదది, ఎండలో పట్టి చూస్తే మధ్యమధ్య గోధుమరంగు, తెల్ల వెంట్రుకలు కనిపిస్తాయి, పెద్ద స్టోన్‌ఫ్లై నింఫ్‌లకి ఇంత సహజమైన నలుపు ప్యాకెట్లలో నాకు దొరకలేదు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకుని దాచుకోగలదు, నీళ్లలో పడ్డాక త్వరగా తడిసి మునుగుతుంది, నింఫ్‌కి కావలసింది అదే. వాడే ముందు ఒక పని చేయాలి. గొంగడికి చింతగింజల గంజి పెడతారు, అందుకే పోగు కర్రలా ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి సబ్బుతో కడిగితే గంజి వదులుతుంది. ఆరాక పోగు పురి విప్పి, అంగుళంలో సగం ముక్కలుగా కత్తిరించి, పెంపుడు కుందేలు నూగు కొద్దిగా కలపండి, అప్పుడు దారానికి పడుతుంది. కొనేటప్పుడు అసలైన దక్కనీ ఉన్నిదేనా అని అడగమనండి. నెల్లూరు గొర్రెకి ఉన్ని ఉండదు, ఒంటి మీద ఉండేది వెంట్రుకే, అది డబ్బింగ్‌కి పనికిరాదు.

బూరుగు దూది. మన ఇళ్లల్లో దిండ్లలో ఉండేదే. ఇక్కడ కపాక్ అని పేరు పెట్టి డ్రై ఫ్లై డబ్బింగ్‌గా అమ్ముతారు. దాని పోగు లోపల బోలు, పైన సహజంగా మైనపు పొర, ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో నింపింది కూడా దీన్నే. తేలడంలో బీవర్‌కి తీసిపోదు. అయితే పోగు పొట్టిగా, జారుగా ఉంటుంది, ఊపిరి గట్టిగా వదిలితే గదంతా ఎగురుతుంది, కాబట్టి ఫ్యాన్ ఆపి, మైనం బాగా రాసి, కొంచెం బీవర్ కలిపి వాడండి. మామూలు పత్తి దూది మాత్రం వద్దు, నీళ్లు తాగేస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. అమ్మానాన్నల చేత పచ్చి ఉన్ని, తోళ్లు, గింజలతో ఉన్న దూది సూట్‌కేసులో పెట్టించకండి. ఇండియాలో పశువులకి గాలికుంటు వ్యాధి ఉంది కాబట్టి శుద్ధి చేయని జంతు సరుకు మీద అమెరికాలో ఆంక్షలున్నాయి. నేసిన గొంగడి వేరే సంగతి, అయినా కస్టమ్స్ ఫారంలో రాసి చూపించమని చెప్పండి, పెద్దవాళ్లని విమానాశ్రయంలో టెన్షన్ పెట్టడం ఎందుకు. బూరుగు దూది ఇక్కడే కపాక్ పేరుతో కొనుక్కోండి. నెమలి ఈకలు ఫ్లైలకి చాలా బాగా పనికొస్తాయి, మన ఊళ్లలో రాలినవి దొరుకుతాయి కూడా, కానీ ఇండియా నుంచి బయటికి పంపడం నిషేధం. అవీ ఇక్కడే కొనాలి. అక్కడి అడవి కుందేలు, ముంగిస బొచ్చు మాటే ఎత్తకండి, అవి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి.

సింథటిక్ గురించి నాకు పగేమీ లేదు. 20, 22 నంబర్ల మరీ చిన్న గాలాలకి సన్నటి సింథటిక్ డబ్బింగ్ సులువు, హేర్స్ మాస్క్‌లో చిటికెడు మెరుపు కలిపితే వాన తర్వాత మసక నీళ్లలో పనిచేస్తుంది. కానీ మీకు సహజమైనవే ఇష్టమైతే సింథటిక్ లేనంత మాత్రాన ఏ చేపా తప్పిపోదు.

చివరిగా ఇది పాటించండి, లేకపోతే పెట్టిన డబ్బంతా పురుగుల పాలు. తోలు, ఉన్ని, ఈకలు అన్నిటికీ బట్టల చిమ్మెట, కార్పెట్ బీటిల్ పడతాయి. కొత్తగా తెచ్చిన ఏ తోలునైనా ముందు విడిగా జిప్ కవర్లో పెట్టండి. వాసన చూడండి, కుళ్లు వాసన ఉంటే వెనక్కి ఇచ్చేయండి. కవర్‌ని ఒక వారం ఫ్రీజర్‌లో ఉంచి, ఒకటి రెండు రోజులు బయటపెట్టి, మళ్లీ ఒక వారం ఫ్రీజర్‌లో ఉంచండి. గొంగడి పోగులకీ ఇదే. కవర్ అడుగున సన్నటి ఇసుకలాంటి పొడి గానీ, తోలు నుంచి కుచ్చులు కుచ్చులుగా ఊడిన బొచ్చు గానీ కనిపిస్తే దాన్ని మిగతా సామాను పెట్టిన గదిలోకే తీసుకెళ్లకండి.